దగ్గర దారి కన్నా దూరపు దారే ముందు చేరుస్తుంది

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎంత దూరం? గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే దాదాపు 12,400 కిలోమీటర్లు. ఆ దారం చైనా, సైబీరియాల మీదుగా పైకెక్కి ఆర్కిటిక్ దాకా పోయి దిగుతుంది. బే ఏరియాలో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళంతా ఇదే దూరం అనుకుంటారు గానీ, విమానం ఆ దారం పట్టుకుని పోదు.

2015 డిసెంబర్‌లో ఎయిరిండియా ఈ రెండు ఊళ్ళ మధ్య ఎక్కడా ఆగని సర్వీసు మొదలుపెట్టింది. అప్పట్లో అట్లాంటిక్ మీదుగా వెళ్ళేది. సుమారు 13,900 కిలోమీటర్లు, పదహారు గంటల పైమాటే. 2016 అక్టోబర్ 16న అదే బోయింగ్ 777ని అటు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300 కిలోమీటర్లకి పెరిగింది, టైము మాత్రం పద్నాలుగున్నర గంటలకి తగ్గింది! 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి, రెండు గంటలు ముందుగా చేరారన్నమాట.

కారణం జెట్ స్ట్రీమ్. ముప్ఫై, నలభై వేల అడుగుల ఎత్తున పడమర నుంచి తూర్పుకి హోరుమని వీచే గాలి. దీన్ని 1920లలోనే బెలూన్లు వదిలి కొలిచినాయన జపాన్‌లో వాసాబురో ఓయిషి. ప్రపంచమంతా చదవాలని పాపం 1926లో ఎస్పరాంటో భాషలో రిపోర్టు రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. (డాక్యుమెంటేషన్ గతి ఎప్పుడూ ఇంతే :)) 1944లో జపాన్ మీద బాంబులెయ్యడానికి వచ్చిన అమెరికా బి-29లు ఆ గాలిలో చిక్కుకుని గురి తప్పాక గానీ దాని బలం వాళ్ళకి తెలిసిరాలేదు.

మనం కాలేజీలో రాసిన షార్టెస్ట్ పాత్ ప్రోగ్రాముల్లో రెండు నోడ్ల మధ్య వెయిటు ఎటు వెళ్ళినా ఒకటే. ఇక్కడ అది వెళ్ళే దిక్కుని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. తమాషా ఏంటంటే 2016లో తిరుగు ప్రయాణం అట్లాంటిక్ మీదుగా, అదీ తూర్పుకే ఉండేది. అంటే వెళ్ళి వస్తే భూప్రదక్షిణ అయిపోయినట్టే!

సరే, గాలి లెక్క తేలింది. దేశాల లెక్క తేల్చడం మాత్రం ఎవరి వల్లా కాదు. 2019 ఫిబ్రవరి 27 నుంచి జూలై 16 దాకా పాకిస్తాన్ తన గగనతలం మూసేసింది. ఢిల్లీ నుంచి న్యూయార్క్, చికాగో వెళ్ళే ఎయిరిండియా విమానాలు ఇంధనం కోసం వియన్నాలో దిగాల్సొచ్చింది. ఆ ఏడాది జూలై 2 నాటికే ఎయిరిండియా నష్టం 491 కోట్లని మంత్రి రాజ్యసభలో చెప్పారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం అమెరికా, యూరప్ విమానాలకి బందయింది, మనవాటికి కాలేదు. ఆ వెసులుబాటుకీ ఖరీదుంది. 2023 జూన్ 6న ఇంజిన్ ఇబ్బందితో ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో విమానం రష్యా తూర్పు చివరన మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, వాళ్ళలో ముసలివాళ్ళు, పిల్లలు, ఓ స్కూల్లోనూ హాస్టళ్ళలోనూ తలదాచుకున్నారు. ఇంకో విమానం వచ్చి తీసుకెళ్ళేసరికి జూన్ 8.

2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మళ్ళీ మూసింది. ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసుని ఎయిరిండియా 2025 సెప్టెంబర్ 1 నుంచి ఆపేయడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. మనం అమ్మానాన్నలకి కాస్త ఖరీదైనా డైరెక్ట్ ఫ్లైటే బుక్ చేసేది రెండు గంటలు కలిసొస్తాయని కాదు, ఇంగ్లీషు రాని అమ్మ తెలియని ఎయిర్‌పోర్టులో గేటు వెతుక్కోకూడదని.