నడిచి గెలిచిన ఊరు

మాంట్‌గోమరీలో డెక్స్‌టర్ అవెన్యూ ఈ చివర నుంచి ఆ చివరకు కిలోమీటరు కూడా ఉండదు. ఈ కొసన కోర్ట్ స్క్వేర్ ఫౌంటెన్, ఆ కొసన మిట్ట మీద తెల్లగా మెరిసే అలబామా రాష్ట్ర కాపిటల్ భవనం, దానికి కొంచెం ఇవతల ఒక ఎర్ర ఇటుకల చర్చి. తాపీగా నడిచినా పావుగంట. నాకు మాత్రం రోజంతా పట్టింది.

అట్లాంటాలో పిల్లల దగ్గరికి వచ్చే మనవాళ్లకు చూపించే చోట్లు దాదాపు ఖాయం. అక్వేరియం, కోకకోలా మ్యూజియం, ఆదివారం గుడి. అక్కడి నుంచి కారులో రెండున్నర గంటల దూరంలో ఉన్న మాంట్‌గోమరీ పేరు ఎవరూ ఎత్తరు. అలబామా సరిహద్దు దాటగానే గడియారం గంట వెనక్కి జరుగుతుంది కాబట్టి ఎనిమిదింటికి బయల్దేరితే అక్కడి లెక్కన తొమ్మిదిన్నరకల్లా దిగిపోవచ్చు. గైడు అక్కర్లేదు. మూలమూలకూ ఇనుప స్తంభం మీద ఒక ఫలకం ఉంటుంది. ఫలకాన్ని రెండు వైపులా చదవాలన్నది నేను ఆలస్యంగా నేర్చుకున్న సంగతి. రోజా పార్క్స్‌ను అరెస్టు చేసిన చోట నిలబెట్టిన ఫలకానికి వెనక వైపు హాంక్ విలియమ్స్ అనే కంట్రీ గాయకుడి కథ ఉంది. ఒకే స్తంభం, రెండు ఊళ్లు.

కోర్ట్ స్క్వేర్‌లో ఫౌంటెన్ 1885లో కట్టింది. పైన గ్రీకు దేవత హీబీ నిలబడి ఉంటుంది. అంతర్యుద్ధానికి ముందు ఈ కూడలిలోనే మనుషుల్ని వేలం వేసేవాళ్లు. అలబామా నది రేవులో దిగినవాళ్లను, రైల్లో వచ్చినవాళ్లను గొలుసులు వేసి కామర్స్ స్ట్రీట్ వెంట నడిపించుకుని తెచ్చేవాళ్లు. ఆ వీధిలో బానిసల్ని ఉంచిన గోదాముల గురించి చెప్పే ఫలకాలు 2013లో గాని రాలేదు. అవి కూడా లాయర్ బ్రయన్ స్టీవెన్‌సన్ నడిపే ఈక్వల్ జస్టిస్ ఇనీషియేటివ్ పట్టుబట్టి పెట్టించినవే. అదే కూడలి మూలన వింటర్ బిల్డింగ్. ఫోర్ట్ సమ్టర్ మీద కాల్పులకు అనుమతిస్తూ దక్షిణాది రాష్ట్రాల యుద్ధమంత్రి 1861 ఏప్రిల్ 11న టెలిగ్రాం కొట్టింది ఇక్కడి నుంచే. మర్నాడు ఫిరంగులు పేలి అంతర్యుద్ధం మొదలైంది.

వేలం తిన్నె, యుద్ధం టెలిగ్రాం, వీటి నడుమ ఒక బస్‌స్టాపు. 1955 డిసెంబరు 1, గురువారం సాయంత్రం రోజా పార్క్స్ క్లీవ్‌లాండ్ అవెన్యూ బస్సెక్కింది ఇక్కడే.

ఆమె గురించి మనం చిన్నప్పుడు విన్న కథ ఒకటుంది. పొద్దంతా కుట్టుపని చేసి అలిసిపోయిన పెద్దావిడ, కాళ్లు పీకుతుంటే లేవలేక సీట్లో ఉండిపోయింది. చక్కటి కథే. కాకపోతే, ఒంటి అలసటతో లేవలేదన్న మాట నిజం కాదని ఆమే తర్వాత రాసుకుంది. అప్పటికి ఆమెకు 42 ఏళ్లు. నల్లజాతివారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ మాంట్‌గోమరీ శాఖకు కార్యదర్శి. ఆ వేసవిలోనే టెనెసీలోని హైలాండర్ స్కూల్లో ఉద్యమ శిక్షణ తీసుకుని వచ్చింది.

ఆ బస్సు రూలు ఏమిటో తెలిస్తేగాని ఆమె చేసిన పని అర్థం కాదు. 36 సీట్లలో ముందు పది తెల్లవాళ్లవి. అవి ఖాళీగా ఉన్నా నల్లవాళ్లు నిలబడే పోవాలి. ముందు తలుపు దగ్గర డబ్బు కట్టి, కిందికి దిగి, వెనక తలుపుకు పోయి మళ్లీ ఎక్కాలి. ఈ లోపు డ్రైవరు బస్సు కదిలించేస్తే ఆ పది సెంట్లూ నీళ్లపాలే. 1943లో ఈ వెనక తలుపు గొడవలోనే పార్క్స్‌ను దింపేసిన డ్రైవరు ఒకడున్నాడు. పన్నెండేళ్ల తర్వాత పోలీసుల్ని పిలిచిందీ అతనే. ఆ రోజు ఆమె కూర్చున్నది తెల్లవాళ్ల సీట్లో కాదు, మధ్య భాగంలో. నిలబడి ఉన్న తెల్లమనిషి ఒక్కడే. కానీ ఒకే వరసలో రెండు రంగులు కూర్చోకూడదు కాబట్టి ఆ ఒక్కడి కోసం నలుగురు లేవాలి. ముగ్గురు లేచారు. ఆమె కిటికీ వైపు జరిగి కూర్చుంది. ఆమెను అరెస్టు చేసిన మాంట్‌గోమరీ స్ట్రీట్ మలుపులో ఇప్పుడు ఆమె పేరు మీద మ్యూజియం ఉంది. కోర్టు ఖర్చులతో కలిపి పడిన జరిమానా 14 డాలర్లు.

ఆ సీట్లోంచి లేవననడం ఆమెతోనే మొదలు కాలేదు. తొమ్మిది నెలల ముందు, మార్చి 2న, క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ల బడిపిల్ల ఇలాగే కూర్చుండిపోతే పోలీసులు బేడీలు వేసి ఈడ్చుకెళ్లారు. అక్టోబరులో మేరీ లూయిస్ స్మిత్. చివరికి బస్సుల్లో ఈ పద్ధతి చెల్లదని తీర్పు వచ్చింది కూడా రోజా పార్క్స్ కేసులో కాదు. ఇద్దరు పెద్దవాళ్లతో కలిసి ఈ అమ్మాయిలు వేసిన బ్రౌడర్ వర్సెస్ గేల్ కేసులో. మ్యూజియంలో ఎక్కువమంది ఆగేది బస్సు బొమ్మ దగ్గర. నన్ను అడిగితే చూడాల్సింది ఆ కేసు కాగితాలు.

పార్క్స్ అరెస్టయిన రాత్రి జో యాన్ రాబిన్‌సన్ నిద్రపోలేదు. అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లిషు పాఠాలు చెప్పే ఆవిడ ఒక తోటి ఉపాధ్యాయుడిని, ఇద్దరు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని కాలేజీ సైక్లోస్టైల్ మిషను దగ్గరికి చేరింది. కాగితానికి మూడేసి చొప్పున సోమవారం బస్సెక్కొద్దంటూ వేల కరపత్రాలు తీసి, తెల్లారేసరికి కట్టలు కట్టించింది. సిరా మరకల చేతులు, స్టెన్సిలు వాసన మన పాత తరం సంఘాల వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఒక్క రోజు అనుకున్న బహిష్కరణ 381 రోజులు సాగింది. బస్సెక్కేవాళ్లలో ముక్కాలు భాగం నల్లవాళ్లే. బస్సులు ఖాళీగా తిరిగాయి. వంటపనివాళ్లు, ఆయాలు, పోర్టర్లు నడిచారు. నల్లవాళ్ల టాక్సీలు బస్సు ఛార్జీకే ఎక్కించుకుంటే, టాక్సీకి కనీసం 45 సెంట్లు తీసుకోవాలన్న పాత చట్టం తవ్వి తీశారు. అప్పుడు సొంత కార్లు దిగాయి. ఆ కార్లకు బీమా రద్దు చేయిస్తే లండన్ నుంచి లాయిడ్స్ బీమా తెచ్చుకున్నారు. పెట్రోలుకు డబ్బెవరిస్తారు?

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చిన మనిషి వస్తుంది. జార్జియా గిల్‌మోర్, హోటల్లో వంటమనిషి. 1956 మార్చిలో, బహిష్కరణకు ముందు నిలిచిన పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ మీద నడిచిన విచారణలో బస్సు డ్రైవరు తనతో ఎలా ప్రవర్తించాడో కోర్టులో నిలబడి చెప్పింది. ఉద్యోగం పోయింది. ఆమె ఇంట్లోనే పొయ్యి పెట్టింది. అప్పటికే తోటి ఆడవాళ్లను కూడగట్టి చికెన్ శాండ్‌విచ్‌లు, పైలు, కేకులు చేసి అమ్మే జట్టు ఒకటి నడుపుతోంది. ఆ జట్టుకు పెట్టుకున్న పేరు క్లబ్ ఫ్రమ్ నోవేర్. అంటే ఎక్కడిదీ కాని క్లబ్బు. ఈ డబ్బు ఎక్కడిదని ఎవరైనా అడిగితే ‘ఎక్కడిదీ కాదు’ అని చెప్పడానికి, చందా ఇచ్చినవాళ్ల కొలువులు ఊడకుండా ఉండటానికి. ఉద్యమ సభల్లో చిల్లర గుప్పిళ్లతో తెచ్చి పోసేవాళ్లు. డెరికోట్ స్ట్రీట్‌లో ఆమె ఇల్లు తర్వాత పేరున్న భోజనశాల అయింది. కింగ్ తన అతిథుల్ని అక్కడికే తీసుకెళ్లేవాడు. 1990 మార్చిలో, 1965 నాటి సెల్మా పాదయాత్ర పాతికేళ్ల పండగకు వచ్చేవాళ్ల కోసం వంట చేస్తూనే ఆమె జబ్బుపడి చనిపోయింది. ఆ వంటే పరామర్శకు వచ్చినవాళ్లకు వడ్డించారు.

సౌత్ కోర్ట్ స్ట్రీట్‌లో పాత గ్రేహౌండ్ బస్‌స్టేషను ఉంది. 1961 మే 20న ఫ్రీడం రైడర్లు, అంటే నల్లా తెల్లా కలిసి అంతర్‌రాష్ట్ర బస్సుల్లో ప్రయాణం కట్టిన కుర్రవాళ్లు, ఇక్కడ దిగారు. పోలీసులు కనబడలేదు, గుంపు కనబడింది. ఆ కుర్రవాళ్లలో ఒకడైన జాన్ లూయిస్ తల పగిలింది. లోపలి మ్యూజియం కన్నా బయటి గోడే నన్ను నిలబెట్టింది. నల్లవాళ్లు రావాల్సిన వేరే తలుపు ఉన్న చోట ఇటుకలు పెట్టి మూసేశారు. పాత గోడ, కొత్త గోడ కలవలేదు. తలుపు ఆకారం అలాగే కనిపిస్తుంది.

అక్కడి నుంచి వెనక్కి వచ్చి డెక్స్‌టర్ అవెన్యూ ఎక్కడం మొదలుపెడితే ఎడమా కుడీ సగం దుకాణాలు మూతే. అలబామా ఎండ మన రోహిణి కార్తెకు తీసిపోదు. మార్చిలోనో నవంబరులోనో వస్తే మేలు. కింగ్ 1954లో పాతికేళ్ల వయసులో పాస్టరుగా చేరిన చర్చి కుడివైపు వస్తుంది. చిన్నదే. ఇక్కడ పాస్టరుగా ఉండగానే 1959లో ఆయన నెల రోజులు భారతదేశంలో తిరిగాడు. తిరువనంతపురంలో ఒక బడిలో దళిత పిల్లలకు ఆయన్ని పరిచయం చేస్తూ, అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడని ప్రిన్సిపాల్ అన్నాడట. మొదట ఉలిక్కిపడ్డానని, తర్వాత ఆలోచిస్తే అది నిజమే అనిపించిందని 1965లో ఒక ప్రసంగంలో ఆయనే చెప్పాడు. రెండు గ్లాసుల హోటళ్లున్న నేల నుంచి వచ్చినవాళ్లం, ఆ చర్చి ముందు నిలబడి ఒట్టి పర్యాటకుల్లా ఫొటో దిగలేం.

చర్చి మెట్ల మీది నుంచి చూస్తే కాపిటల్ గుమ్మం కనిపిస్తుంది. అంత దగ్గర. ఆ వసారా నేలలో ఒక ఇత్తడి నక్షత్రం పొదిగారు. బానిసత్వం నిలబెట్టుకోవడానికి విడిపోయిన రాష్ట్రాల అధ్యక్షుడిగా జెఫర్‌సన్ డేవిస్ 1861లో ప్రమాణం చేసింది అక్కడే. 1963లో గవర్నరు జార్జ్ వాలెస్ నల్లవాళ్లను విడిగా ఉంచే పద్ధతి ఎప్పటికీ ఉంటుందని చెప్పిందీ అక్కడే. రెండేళ్లు తిరిగాక, 1965 మార్చి 25న ఓటు హక్కు కోసం సెల్మా నుంచి 54 మైళ్లు నడిచి వచ్చిన యాత్ర ఈ మెట్ల ముందు ఆగింది. 25 వేల మంది. ఆ ఆగస్టులో ఓటు హక్కు చట్టం, అక్టోబరులో కొత్త వలస చట్టం వచ్చాయి. అంతకు ముందు భారతీయుల కోటా ఏడాదికి వంద. అట్లాంటా శివార్లలో ఇవాళ ఇన్ని తెలుగు ఇళ్లు ఉన్నాయంటే, ఈ మెట్ల ముందుకు నడిచొచ్చిన కాళ్లకు అందులో వాటా ఉంది. ఆ మాట మన సంఘాల సంబరాల్లో వినబడగా నేను చూడలేదు. అలబామాలో జనవరి మూడో సోమవారం కింగ్ జయంతికి సెలవు. దక్షిణాది సేనాని రాబర్ట్ లీ జయంతి కూడా అదే సెలవులో కలిపి జరుపుతారు.

పక్క వీధిలో మాయా లిన్ అనే శిల్పి 1989లో రూపొందించిన పౌరహక్కుల ఉద్యమ స్మారకం ఉంది. నల్ల గ్రానైట్ బల్ల మీద పలచగా నీళ్లు పారుతుంటాయి. అడుగున ఉద్యమకాలంలో చనిపోయిన 41 మంది పేర్లు. పేరు మీద వేలు పెడితే నీళ్లు రెండు పాయలై వేలు చుట్టి పోతాయి. మూకహత్యలకు బలైనవాళ్ల పెద్ద స్మారకం, ఎనిమిది వందల పైచిలుకు ఉక్కు దిమ్మెలది, ఊరికి అటు వైపు ఉంది. దాన్ని ఈ నడకలో ఇరికించొద్దు, విడిగా ఒక పూట పెట్టుకోండి.

చివరికి సౌత్ జాక్సన్ స్ట్రీట్, 309. కింగ్ కాపురమున్న తెల్ల రంగు చెక్క ఇల్లు, వసారా, నాలుగు మెట్లు. 1956 జనవరి 30 రాత్రి కింగ్ సభలో ఉండగా ఈ వసారాలో బాంబు పేలింది. లోపల భార్య కొరెట్టా, రెండున్నర నెలల పాప. ఇద్దరికీ ఏమీ కాలేదు. నేలలో పడిన గుంట ఇప్పటికీ ఉంది. అరచేయి పెడితే అందులో సరిపోయింది.

ఆ డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఊరికి చేరింది. మర్నాడు తెల్లవారుజామున కింగ్ ఈ ఇంటి దగ్గరి స్టాపులో బస్సెక్కి, గ్లెన్ స్మైలీ అనే తెల్లజాతి పాస్టరు పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు. నష్టాలు పూడ్చుకోవడానికి బస్సు కంపెనీ ఈలోపు ఛార్జీ పెంచింది. ఆయన పెట్టెలో పదిహేను సెంట్లు వేశాడు.