రూకకు భోజనం: పూటకూళ్ళ ఇంటి చరిత్ర

కాకతీయుల చరిత్ర అనగానే మనకు తోరణాలు, చెరువులు, శాసనాలు గుర్తుకొస్తాయి. దేవుడికి మాన్యమిచ్చినవాడి పేరు, చెరువు తవ్వించినవాడి పేరు రాతిమీద ఉన్నాయి. కానీ పనిమీద రాజధానికి వచ్చిన మామూలు మనిషి ఎక్కడ దిగాడు, ఏం తిన్నాడు, అందుకు ఎంత చెల్లించాడు అన్నది దానశాసనాలు చెప్పే సంగతి కాదు. దాన్ని మనకు చెప్పింది క్రీడాభిరామం.

ఈ వీథినాటకం వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అని మన పండితులు చాలా సిరా ఖర్చు చేశారు. అందులో కొంత సిరా ఆ కావ్యంలోని అన్నం మీద ఖర్చుపెట్టి ఉంటే బాగుండేది. ఆ పని చేసినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949)లో ఆయన ఈ గ్రంథాన్ని జనజీవితానికి సాక్ష్యంగా నిలబెట్టారు.

గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఒకరోజు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. నడుమ ఆకలి వేస్తుంది. అప్పుడు కవి మనకు ఒక పూటకూళ్ళ ఇంటి విస్తరి చూపిస్తాడు. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు. ఇదంతా లక్ష్మణవజ్ఝల వారింట ఒక రూకకు దొరుకుతుంది.

ఆ పద్యంలో రుచిని అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం రూక దగ్గర ఆగుతాను. అన్నాన్ని అమ్ముకోవడం పాపమని ధర్మశాస్త్రాలన్నాయి. అయినా రాజధానిలో ఒక బ్రాహ్మణ గృహం బాహాటంగా అన్నం అమ్ముతోంది, కవి ధరతో సహా దాన్ని పొగుడుతున్నాడు. వర్తకులు, భటులు, వ్యాజ్యాల మీద వచ్చినవాళ్ళు నిత్యం దిగే నగరం అన్నదానంతో నడవదు. నాణెం చేతులు మారే చోట శాస్త్రం కాస్త పక్కకు తప్పుకుంటుంది. పూర్తిగా తప్పుకోదు సుమా! బ్రాహ్మణుడు వండితే ఎవరైనా తినవచ్చు, కనుకనే ఆ వ్యాపారం ఆ ఇంటికి దక్కింది. చేతిలో రూక ఉన్న ప్రతివాడికీ అక్కడ విస్తరి వేసేవారని నేను నమ్మలేను.

కిందటేడు ఒక సదస్సు కోసం వరంగల్లు వెళ్ళాను. స్టేషను దగ్గర లాడ్జీలో నా పేరు, ఊరు, వచ్చిన పని రిజిస్టరులో రాయించుకుని గది ఇచ్చారు. తెల్లవారి కోటకు వెళ్ళాను. నాలుగు కీర్తితోరణాలూ నిలిచే ఉన్నాయి. లక్ష్మణవజ్ఝల ఇల్లు ఏ వీధిలో ఉండేదో అడగడానికి మాత్రం ఎవరున్నారు? అయినా ఆ ఇంటి యజమాని అదృష్టవంతుడు. పద్యంలో పేరు మిగిలింది. పొయ్యి ముందు కూర్చున్నది ఆయనేనని మనలో ఎవరైనా అనుకుంటున్నామా?

ఆ పొయ్యి ముందు మనిషి తెలుగు సాహిత్యంలో మనకు నిండుగా కనిపించేది విజయనగరంలో, అదీ ఒక సంస్థానపు రాజధానే. 1909 నాటి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఒక వితంతువు. అన్నం వండి అమ్మి బతుకుతోంది. గిరీశానికి తిండీ, నీడా ఆ ఇంట్లోనే. సంతలో సామాను కొనిపెడతానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి, అతడు మధురవాణి మీద ఖర్చు చేశాడు. ఆ డబ్బు ఆమె వ్యాపారానికి పెట్టుబడి అని మనం ఎన్నడైనా లెక్కవేశామా? గిరీశం ఊరు విడిచిపోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. ఆమె చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికి వెళ్తే, దెబ్బ గిరీశానికి తగలదు, మంచం కింద ఉన్న రామప్పపంతులుకు తగులుతుంది. మనం నవ్వుతాం. ఆమె సొమ్ము ఆమెకు చేరలేదన్న సంగతి ఆ నవ్వులో కొట్టుకుపోతుంది. అది గురజాడ లోపమని నేననను. ఇరవై రూపాయల లెక్క ఆయన మొదటి అంకంలోనే మన చేతికిచ్చాడు. మరిచిపోయింది మనం.

ఈ రంగం నేను క్లాసులో చెబుతూ పిల్లల్ని నవ్విస్తుంటే వెనక బెంచీ అమ్మాయి అడిగింది: "పూటకూళ్ళమ్మ పేరేంటి మాస్టారూ?" పుస్తకం చేతిలో ఉంది గనుక తిరగేశాను. నాటకమంతటా ఆమెను వృత్తితోనే పిలిచారు.

అన్నం ఊరికే పెట్టినవారి పేర్లు మనకు బాగా తెలుసు. డొక్కా సీతమ్మ గారి పేరు 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి పెట్టింది. ఆమె అందుకు తగినవారు, సందేహం లేదు. ఆ పథకం కింద మా బడిలో వండేవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళు. పిల్లలూ, మేమూ వాళ్ళను వంటమ్మలనే పిలుస్తాం. ఆ అమ్మాయి అడిగిన సాయంత్రం ఆఫీసు గదికి వెళ్ళి బిల్లుల రిజిస్టరు తీసి చూసేదాకా వాళ్ళ పేర్లు నాకూ తెలియవు.