పాత కంప్యూటర్‌లో విండోస్ అప్‌డేట్ ఫెయిలైందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజు దగ్గరపడుతుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోతుంది. షాపుకు తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టేద్దాం." నిజానికి అప్‌డేట్ ఫెయిలైనంత మాత్రాన ఫైళ్లు సాధారణంగా ఎక్కడికీ పోవు. తొందరపడి చేసే ఫార్మాట్‌తోనే నికానామా స్కాన్, పాస్‌పోర్ట్ కాపీలు, పిల్లల మెమోలు, ఫొటోలు అన్నీ పోతాయి. అందుకే ముందు ఫైళ్లు, తర్వాతే రిపేరు. ఈ వివరాలు ముఖ్యంగా విండోస్ 10 ఉన్న పాత కంప్యూటర్ల కోసం.

ముందు కాస్త ఓపిక

పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో అప్‌డేట్‌కు గంటలు పట్టవచ్చు. శాతం అంకె కదలకపోయినా డిస్క్ లైటు మిణుకుమంటుంటే లోపల పని నడుస్తున్నట్టే. ఛార్జర్ పెట్టి రెండు మూడు గంటలు వదిలేయండి. "అన్‌డూయింగ్ చేంజెస్" అని కనిపిస్తే అప్‌డేట్ కుదరక విండోస్ తనంతట తాను పాత స్థితికి వెళ్తోందని అర్థం. అప్పుడు మాత్రం పవర్ తీయకండి.

కంప్యూటర్ తెరుచుకుంటే

మొదట డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లను పెన్‌డ్రైవ్‌లోకో బయటి హార్డ్ డిస్క్‌లోకో కాపీ చేయండి. ఆ తర్వాత కారణం వెతకండి.

1. ఖాళీ స్థలం: సీ డ్రైవ్‌లో కనీసం 20 జీబీ ఖాళీ ఉంటే మంచిది. ఎర్రర్ కోడ్ చివర 80070070 అని ఉంటే స్థలం చాలలేదని అర్థం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌కు వెళ్లి చెత్త తీసేయండి. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, దానికి టిక్ పెట్టకండి.

2. తేదీ, టైము: కంప్యూటర్ ఆపి తెరిచినప్పుడల్లా తేదీ పాత సంవత్సరానికి పోతోందా? మదర్‌బోర్డు మీద ఉండే చిన్న గుండ్రటి సెల్ అయిపోయి ఉంటుంది. తేదీ తప్పుగా ఉంటే అప్‌డేట్ సర్వర్‌తో సురక్షిత కనెక్షన్ కుదరదు. సెల్ మారిస్తే సరిపోతుంది, ఖర్చు తక్కువే.

3. ఇంటర్నెట్: ఫోన్ హాట్‌స్పాట్ వాడుతుంటే ఆ కనెక్షన్ "మీటర్డ్" అని ఉందేమో చూడండి. అలా ఉంటే విండోస్ డేటా ఆదా కోసం చాలా అప్‌డేట్లను ఆపేస్తుంది.

4. పాడైన డౌన్‌లోడ్: ముందు సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీలో ట్రబుల్‌షూటర్ నడపండి. తగ్గకపోతే సర్వీసెస్‌లో "విండోస్ అప్‌డేట్"ను స్టాప్ చేసి, సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్, అందులో సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్, అందులో డౌన్‌లోడ్ తెరిచి, లోపల ఉన్నవి తీసేయండి. సర్వీస్‌ను మళ్లీ స్టార్ట్ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి.

5. కోడ్ 80070643: 2024 జనవరిలో వచ్చిన ఒక విండోస్ 10 భద్రతా అప్‌డేట్ చాలా కంప్యూటర్లలో ఈ కోడ్‌తోనే ఆగింది. రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడమే కారణం. మామూలు డిస్క్ శుభ్రతతో ఇది తగ్గదు. పార్టిషన్ల పని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

అసలు తెరుచుకోకపోతే

విండోస్ లోడవుతుండగా పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే నీలం రంగు రికవరీ తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఈ వరుసలో ప్రయత్నించండి: స్టార్టప్ రిపేర్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, సిస్టమ్ రిస్టోర్. వీటితో మీ సొంత ఫైళ్లు పోవు.

బిట్‌లాకర్ కీ అడిగితే కంగారు వద్దు. ఆ 48 అంకెల కీ చాలాసార్లు కంప్యూటర్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే సేవ్ అయి ఉంటుంది. ఫోన్‌లో ఆ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి చూడండి. కీ దొరకకుండా ఆ డిస్క్‌లోని ఫైళ్లు చదవడం కుదరదు.

"రీసెట్ దిస్ పీసీ" ఆఖరి మార్గం. అందులో "కీప్ మై ఫైల్స్" ఎంచుకుంటే ఫైళ్లు ఉంటాయి కానీ మీరు వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. "రిమూవ్ ఎవ్రీథింగ్" అంటే అన్నీ పోయినట్టే.

షాపుకు తీసుకెళ్తే

"ముందు డేటా కాపీ చేసి నాకు చూపించండి, ఆ తర్వాతే ఏదైనా" అని చెప్పండి. విండోస్ తెరుచుకోకపోయినా, డిస్క్ బాగుంటే దాన్ని తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు తీయవచ్చు. కాపీ అయిన ఫొటోలు ఒకటి రెండు అక్కడే తెరిచి చూసుకోండి. టకటకమని శబ్దం వస్తుంటే డిస్కే పాడవుతోంది. పదే పదే ఆన్ చేయకండి.

ఇంకా ఆ కంప్యూటర్ వాడవచ్చా?

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వ్యక్తిగత వాడకందారుల కోసం అదనపు భద్రతా అప్‌డేట్ల పథకాన్ని మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు అని ప్రకటించింది. దానికి 22హెచ్2 వెర్షన్ ఉండాలి. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవచ్చు.

విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా 8వ తరం, ఆపై వాటికే అనుమతి. అవి లేని కంప్యూటర్‌లో క్రాక్ కాపీ వేయించుకుంటే దానితో పాటు వైరస్ కూడా రావచ్చు, బ్యాంకు పాస్‌వర్డులకు ప్రమాదం. చదువుకు, బ్రౌజింగ్‌కు, వీడియో కాల్‌కు మాత్రమే అయితే ఉచితంగా దొరికే లినక్స్ మింట్ సరిపోతుంది. హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయిస్తే పాత మెషిన్ కూడా బాగా వేగం అందుకుంటుంది.

ఏ దారి ఎంచుకున్నా ముఖ్యమైన కాగితాల కాపీ ఇంకోచోట ఉంచండి. కంప్యూటర్ ఇంకోటి కొనుక్కోవచ్చు, పోయిన ఫొటోలు మళ్లీ దొరకవు.