రాష్ట్రపతి సంతకము

అచ్యుతాపురము కూడలిలో నిలిచి, "ప్రెసిడెంటుగారు ఎక్కడ నుందురు?" అని ఎవరినైనను అడిగినచో, ఢిల్లీవైపు చేయి చూపువారు ఉండరు. పంచాయతి కార్యాలయమునకు త్రోవ చెప్పుదురు. మదరాసు రాష్ట్రపు 1950 నాటి చట్టములో గ్రామ పంచాయతి పెద్దకు ప్రెసిడెంటు అనియే పేరు. 1964లో ఆంధ్రప్రదేశ్ చట్టము ఆ పేరును సర్పంచిగా మార్చినను, జనుల నోట పాతమాటయే నిలిచెను. వీధి దీపము వెలుగనినాడు, కొళాయి ఎండినాడు ఆ ప్రెసిడెంటును అరుగు మీదనే నిలదీసి అడుగవచ్చును. ఢిల్లీలోని ప్రెసిడెంటు పేర దేశమంతయు నడచుచున్నను, ఏ దీపము ఆరినను ఆయనను అడుగుటకు వీలులేదు. ఈ వింత యెట్టిదో, తెలుగువారి చరిత్రలోని కొన్ని ఘట్టములను తలచుకొనుచు శ్రోతలతో ముచ్చటింప దలచినాము.

దూరము పోనక్కరలేదు. అచ్యుతాపురమునకు ఈశాన్యముగా విశాఖ ఉక్కు కర్మాగారము కలదు. దాని కొరకు ఆంధ్రదేశము ఉద్యమించెను. 1966 నవంబరు 1న విశాఖపట్టణములో కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. 1971 జనవరి 20న ఇందిరాగాంధి శంకుస్థాపన చేసిరి. 1982 ఫిబ్రవరి 18న రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అను కంపెనీ ఏర్పడెను. ఆ కంపెనీ వాటాలు ఎవరి పేరనున్నవి? ప్రధానమంత్రి పేర కాదు, ఉక్కుశాఖ మంత్రి పేర కాదు; "భారత రాష్ట్రపతి" పేరననే. ఆనాడు రాష్ట్రపతి పీఠముపై నున్నవారు అనంతపురము జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు. కాగితమును మాత్రమే చదువువారు, ఇంతటి కర్మాగారమునకు ఆయనయే ఆసామి అనుకొనినను తప్పుపట్టరాదు!

కాని ఆయన దానిలో ఒక ఇనుపచువ్వను గూడ స్వేచ్ఛగా అమ్మజాలడు. కేంద్రము చేసుకొను ఒప్పందములన్నియు రాష్ట్రపతి పేరననే జరుగవలెనని రాజ్యాంగపు 299వ అధికరణము చెప్పుచు, ఆ వెంటనే వానికి ఆయన స్వయముగా బాధ్యుడు కాడని కూడ చెప్పుచున్నది. 2021 జనవరి 27న ఆ కర్మాగారములోని వాటాలన్నిటిని విక్రయించుటకు సూత్రప్రాయముగా సమ్మతించినది కేంద్ర మంత్రివర్గపు ఆర్థిక వ్యవహారముల సంఘము. వాటాలు రాష్ట్రపతివి, నిర్ణయము మంత్రులది. కార్మికులు దీక్షాశిబిరములు వేసి, రాష్ట్రపతికి మొరపెట్టుకొనినను, ఆ మొర తిరిగి చేరవలసినది సంబంధిత మంత్రిత్వ శాఖకే.

ఇట్లెందుకు? 53వ అధికరణము కార్యనిర్వాహక అధికారమంతయు రాష్ట్రపతిలో నిక్షేపించెను. 74వది, ఆయనకు సహాయమును సలహాయును ఇచ్చుటకు మంత్రివర్గము ఉండవలెననెను. ఆ సలహాను ఆయన పాటించి తీరవలెనా అను ముక్క మాత్రము 1950 నాటి పాఠములో లేదు. తొలి రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు 1960 నవంబరులో ఢిల్లీలోని ఒక న్యాయశాస్త్ర సంస్థ సభలో, మన రాష్ట్రపతి ఇంగ్లండు రాజువంటివాడేనా అన్నది పరిశీలింపదగిన విషయమని పలికి పెద్ద చర్చకు కారకులైరి. 1976 నాటి 42వ సవరణ ఆ సందేహమును తీర్చి, సలహా ప్రకారమే నడువవలెనని శాసించెను. 1978 నాటి 44వ సవరణ కొంచెము సడలించి, ఒక్కసారి పునరాలోచింపుడని మంత్రివర్గమును కోరు హక్కును ఇచ్చెను. రెండవసారి వచ్చిన సలహాకు తిరుగులేదు. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటన రాష్ట్రపతి సంతకము పొందినపుడు మంత్రివర్గము ఇంకను సమావేశమే కాలేదు. మంత్రులకు ఆ సంగతి మరునాటి ఉదయము తెలిసెను. కావుననే, మంత్రివర్గ నిర్ణయము వ్రాతమూలకముగా అందనిదే అట్టి ప్రకటన చేయరాదని ఈ 44వ సవరణలోనే చేర్చిరి.

ఇక 1969 సంగతి. ఆ యేడు మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు మరణించగా, ఉపరాష్ట్రపతి వి.వి. గిరిగారు ఆ పీఠమును తాత్కాలికముగా నిర్వహించిరి. బరంపురములో పుట్టిన తెలుగు బిడ్డ, కార్మిక నాయకుడు. జులై 19న పదునాలుగు బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై సంతకము చేసిరి. మరునాడే పదవికి రాజీనామా ఇచ్చి, ఎన్నికలో స్వతంత్రునిగా నిలిచిరి. కాంగ్రెసు అధికార అభ్యర్థి ఎవరు? సంజీవరెడ్డిగారే. దేశపు అత్యున్నత పీఠమునకు తెలుగువానిపై తెలుగువాడు నిలుచుట మన ఇళ్లలో ఎంతటి కోలాహలమైనదో పెద్దలకు జ్ఞప్తి యుండును. రెండవ ప్రాధాన్యపు ఓట్లను గూడ లెక్కించిన పిదప గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 వచ్చెను. ఇక ఆ బ్యాంకుల శాసనమో, 1970 ఫిబ్రవరిలో సుప్రీము కోర్టులో వీగిపోయెను. కొద్ది దినములలోనే మరియొక ఆర్డినెన్సు వచ్చెను. రాష్ట్రపతి సంతకము పడినంతమాత్రమున శాసనము కోర్టునకు అతీతము కాదని అప్పుడు అందరును చూచిరి.

ఆ గిరిగారి సంతకమే 1973 జనవరి 18న మన రాష్ట్రముమీద పడెను. జై ఆంధ్ర ఉద్యమము మిన్నుముట్టిన దినములవి. పి.వి. నరసింహారావుగారి మంత్రివర్గము తొలగిపోయి, రాష్ట్రపతి పాలన వచ్చెను. పేరు రాష్ట్రపతి పాలనయే గాని, గిరిగారు రాష్ట్రపతి భవనములో కూర్చుండి హైదరాబాదు దస్త్రములను తిరుగవేయలేదు. కేంద్ర మంత్రివర్గము నిర్ణయింపగా గవర్నరు, ఆయన సలహాదారులు నడిపిరి. డిసెంబరు 10న జలగం వెంగళరావుగారి మంత్రివర్గముతో అది ముగిసెను. ఆ కలహమునకు పరిష్కారముగా వచ్చిన 371-డి అధికరణము రాష్ట్రపతికి ఒక ప్రత్యేకాధికారము నిచ్చెను. దానిననుసరించి 1975 అక్టోబరు 18న వెలువడిన ఉత్తర్వును మన జనులు నేటికిని "రాష్ట్రపతి ఉత్తర్వు" అనియే అందురు. విశాఖ ప్రాంతపు పిల్లవాడు ఉద్యోగపు దరఖాస్తుతో చదువు సర్టిఫికెట్లు జతపరచి "స్థానికుడను" అని నిరూపించుకొను పద్ధతి అందులోనిదే. గృహస్థుని ఇంటివరకు వచ్చిన రాష్ట్రపతి అధికారము బహుశః ఇదియొక్కటియే.

మరి, రాష్ట్రపతి తన బుద్ధితో తానే నిర్ణయింపవలసిన వేళ అసలే లేదా? కలదు. సలహా ఇచ్చుటకు నమ్మదగిన మంత్రివర్గమే లేనివేళ. 1969లో ఓడిన సంజీవరెడ్డిగారు 1977 జులైలో పోటీలేకయే రాష్ట్రపతియైరి. రెండేండ్లకే ఆ వేళ ఆయన తలుపు తట్టెను.

1979 జులై 15న మొరార్జీ దేశాయి రాజీనామా చేసిరి. సంజీవరెడ్డిగారు ముందు ప్రతిపక్ష నాయకుడు వై.బి. చవానును పిలిచిరి, ఆయనకు బలము కూడలేదు. పిమ్మట మొరార్జీని, చరణ్‌సింగును తమతమ మద్దతుదారుల పట్టీలు తెమ్మనిరి. పేర్లపై వివాదములు లేచెను. తుదకు చరణ్‌సింగు పట్టీ బరువుగా తోచి, జులై 28న ఆయనచే ప్రమాణము చేయించి, ఆగస్టు మూడవ వారములోపల లోకసభ విశ్వాసమును పొందవలెనని కోరిరి. సభ సమావేశమగు దినముననే, ఆగస్టు 20న, ఇందిరాగాంధి పక్షపు మద్దతు లేకపోగా, చరణ్‌సింగు సభ ముఖము చూడకయే రాజీనామా ఇచ్చి, లోకసభను రద్దుచేయుడని సలహా చెప్పిరి. అవతల జగ్జీవన్‌రాము తనకు అవకాశమీయుడని నిలిచియుండెను. ఆగస్టు 22న సంజీవరెడ్డిగారు సభను రద్దుచేసిరి.

దీనిపై నాటినుండియు రెండు వాదములు కలవు. పార్టీలు పట్టపగలే చీలుచున్నవి, ఎవరిని పిలిచినను మూన్నాళ్ల ముచ్చటయే, కావున ప్రజలనే అడుగుట మేలు అని ఒకటి. సభను ఒక్కనాడైన ఎదుర్కొనని ప్రధాని సలహాకు రాష్ట్రపతి కట్టుబడనేల అని మరియొకటి. మా మట్టుకు రెండవదే సబబని తోచును. జగ్జీవన్‌రామును పిలిచి, వారము దినముల గడువిచ్చి, సభలోనే బలము తేల్చుకొమ్మనియుండినచో పోయినదేమి? ఒకవేళ ఆయనయు ఓడినచో, ఆనాడు రద్దుచేసిన ఎవరును వేలెత్తి చూపియుండరు. అయినను ఆంధ్ర అసెంబ్లీ స్పీకరుగా కాదు గాని, లోకసభ స్పీకరుగా రెండు మారులు కూర్చుండిన సంజీవరెడ్డిగారికి సభ్యుల నాడి మనకన్న బాగుగా తెలిసియుండునని కూడ ఒప్పుకొనవలెను. 1980 జనవరి ఎన్నికలలో జనము జనతావారిని గాని, చరణ్‌సింగును గాని కోరుకొనలేదు. ఇందిరాగాంధిని మరల కూర్చుండబెట్టిరి.

విశాఖవారికి రాష్ట్రపతి కంటబడునది నౌకాదళ సమీక్షలలో. 2006 ఫిబ్రవరిలో అబ్దుల్ కలాముగారు వచ్చి, సింధురక్షక్ అను జలాంతర్గామిలో సముద్రగర్భమునకు దిగిరి. సాగరతీరమున నిలిచిన జనులు సర్వసేనాధిపతిని చూచి జేజేలు పలికిరి. ఆ సేనాధిపత్యమును గూడ చట్టప్రకారమే నడుపవలెనని 53వ అధికరణములోనే షరతు కలదు. ఆ యేడు మే నెలలోనే, లాభదాయక పదవుల బిల్లు తనకు నచ్చక, కలాముగారు దానిని పార్లమెంటునకు త్రిప్పి పంపిరి. పార్లమెంటు దానినే మరల ఆమోదించి పంపెను. ఆగస్టు 18న సంతకము చేయక తప్పలేదు. ఆ రెండున్నర నెలలలో దేశమంతట ఆ బిల్లును గూర్చి చర్చ జరిగెను. ఆయనకు దక్కినది అదియే, అది చిన్నదియు కాదు.

మరల మన ఉక్కు సంగతి. 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గము ఆ కర్మాగారమునకు 11,440 కోట్ల రూపాయల సహాయమును మంజూరు చేసెను. అందులో 10,300 కోట్లు మూలధనముగా పెట్టుటకు, మిగిలిన 1,140 కోట్ల అప్పును ప్రిఫరెన్సు వాటాలుగా మార్చుటకు. ఈ నిర్ణయమును గూడ మంత్రులే చేసిరి. మూలధనమునకు బదులుగా పుట్టు కొత్త వాటాలపై పేరు మాత్రము, ఎప్పటివలెనే, భారత రాష్ట్రపతిది.