ఫెర్మా ఆగి చూసిన 499944

ఏ రెండు సంఖ్యల్ని హెచ్చవేస్తే 202,76,51,281 వస్తుంది? తులూజ్ న్యాయస్థానంలో పనిచేస్తూ తీరిక వేళల్లో లెక్కలు చేసుకునే పియర్ ద ఫెర్మా, 1643 నాటి ఒక ఉత్తరంలో దీన్ని విప్పి చూపాడు. 3, 7, 11 అంటూ ప్రధాన సంఖ్యలతో భాగించుకుంటూ పోతే మొదటి కారణాంకం తగిలేది 44021 దగ్గర. అప్పటికి నాలుగు వేలకు పైగా భాగహారాలు అయిపోతాయి.

ఫెర్మా అలా చేయలేదు. ఆ సంఖ్య కన్నా కాస్త పెద్ద వర్గాన్ని తీసుకుని, అందులోంచి సంఖ్యను తీసేశాడు. మిగిలింది కూడా వర్గమే అయితే కారణాంకాలు దొరికినట్టే: రెండు వర్గమూలాల్నీ కలిపితే ఒకటి, తీసేస్తే రెండోది. (మన నారాయణ పండితుడు 1356లోనే ‘గణిత కౌముది’లో ఈ పద్ధతి చెప్పాడు.) 45030 వర్గంలోంచి తీసేస్తే మిగిలింది 49619. దీనికి వర్గమూలం తీయనక్కర్లేదు. 19తో ముగిసే వర్గమే లేదు.

ఎందుకు లేదు? బేసి అంకెల వర్గాలు 01, 09, 25, 49, 81. అన్నిట్లోనూ పదుల స్థానంలో సరి అంకే. సంఖ్య ఎంత పెద్దదైనా, మిగతా అంకెల వల్ల ఆ స్థానంలోకి వచ్చి చేరేది రెట్టింపై, సరిసంఖ్యగానే వస్తుంది. కాబట్టి బేసి వర్గంలో పదుల చోట 1 కనబడదు. ఇలా అన్నీ చూసుకుంటే, 00 నుంచి 99 దాకా ఉన్న నూరు ముగింపుల్లో వర్గాలకు దక్కేవి 22 మాత్రమే.

45030ని ఒక్కొక్కటే పెంచుకుంటూ పోతే తర్వాత వచ్చినవి 139680, 229743, 319808, 409875. అన్నీ చూడగానే పోయాయి. ఆరోది 499944. 44 వర్గాలకు చెల్లే ముగింపే. 12 వర్గం 144 కదా! ఇక్కడ ఆగి లెక్క చూడక తప్పదు. 707 వర్గం 499849, 708 వర్గం 501264. రెంటికీ మధ్య పడింది, వర్గం కాదు. ఈ లెక్క మొత్తంలో నాకు బాగా నచ్చేది ఈ చోటే. చివరి అంకెలు కాదన్నప్పుడు ఇక తిరుగులేదు. అవునన్నప్పుడు మాత్రం నమ్మడానికి లేదు.

ఆ పైన ఐదు సంఖ్యలు 15, 88, 63, 40, 19తో ముగిసి తప్పుకున్నాయి. పన్నెండోది 10,40,400. అది 1020 వర్గం. అక్కడ తీసుకున్న పెద్ద వర్గం 45041ది. దానికి 1020 కలిపితే 46061, తీసేస్తే 44021. పన్నెండింటిలో నిజంగా పరీక్షించాల్సి వచ్చింది రెండింటినే.

1920ల్లో అమెరికాలో గణితవేత్త డి.హెచ్. లేమర్ ఇలాంటి వడపోతనే సైకిల్ గొలుసులు బిగించిన యంత్రానికి అప్పగించాడు. రెండు కారణాంకాలూ దగ్గరగా ఉంటే ఫెర్మా పద్ధతి ఇప్పటికీ ఇట్టే పట్టేస్తుంది. అందుకే, రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని విప్పడం కష్టమన్న నమ్మకం మీద నడిచే ఆర్‌ఎస్‌ఏ రహస్య సంకేతాలకు ఆ సంఖ్యల్ని ఎంచేటప్పుడు, వాటి మధ్య చాలినంత ఎడం ఉండేలా చూసుకుంటారు.