వినికిడి హక్కు: గోల్డ్‌బర్గ్ - కెల్లీ తీర్పు (1970) ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

సంక్షేమ సహాయం పొందుతున్న వ్యక్తి అర్హతపై అధికారులకు సందేహం కలిగినప్పుడు అతని మాట ఎప్పుడు వినాలి? సహాయం నిలిపిన తరువాతనా, నిలపక ముందా? అమెరికా సంక్షేమ చరిత్రలో ఈ ప్రశ్నకు సమాధానం చెప్పిన తీర్పు 1970 మార్చి 23న సుప్రీంకోర్టు వెలువరించిన గోల్డ్‌బర్గ్ - కెల్లీ తీర్పు.

న్యూయార్క్ నగర విధానం

1935 నాటి సామాజిక భద్రతా చట్టం సహాయం నిరాకరణకు గురైనవారికి న్యాయమైన విచారణ అవకాశం ఉండాలని నిర్దేశించింది. అయితే న్యూయార్క్ నగరంలో ఆ విచారణ సహాయం ఆగిన తరువాతనే జరిగేది. అంతకుముందు లబ్ధిదారునికి కారణాలు తెలుపుతూ ఒక లేఖ అందేది. అతడు ఏడు రోజులలోగా పై అధికారి సమీక్షను కోరవచ్చు, లిఖితపూర్వక వివరణ ఇవ్వవచ్చు. స్వయంగా హాజరై మాట్లాడే అవకాశం మాత్రం లేదు. తుది విచారణలో నెగ్గితే బకాయి మొత్తం చెల్లించేవారు. కానీ అప్పటివరకు ఇంటి అద్దె, తిండి ఎలా గడవాలన్నదే లబ్ధిదారుల వాదనకు మూలం.

తీర్పులోని ప్రధానాంశాలు

మెజారిటీ తీర్పు రాసిన న్యాయమూర్తి విలియం బ్రెన్నన్ సంక్షేమ సహాయాన్ని దానంగా కాక, అర్హులకు చట్టం కల్పించిన హక్కుగా పరిగణించారు. చార్లెస్ రైక్ 1964లో ప్రతిపాదించిన ‘కొత్త ఆస్తి’ భావనను ఈ సందర్భంలో ఉదహరించారు. చాలామంది లబ్ధిదారులకు తమ వాదనను సమర్థంగా రాయగల చదువు లేదు. వకీలును పెట్టుకునే స్తోమత అంతకన్నా లేదు. పైగా రాసి ఇచ్చిన కాగితం నిర్ణేతకు కలిగే సందేహాన్ని గ్రహించి, దానికి తగినట్లు బదులు చెప్పలేదు. లబ్ధిదారుని పక్షాన క్షేత్ర ఉద్యోగి వివరిస్తే సరిపోదు. ఆరోపణకు ఆధారాలు సేకరించినది సాధారణంగా ఆ ఉద్యోగియే.

అందువల్ల సహాయం నిలపక ముందే మౌఖిక విచారణ జరగాలని, ప్రతికూల సాక్షులను ప్రశ్నించే వీలుండాలని, నిర్ణేత నిష్పక్షపాతియై తన నిర్ణయానికి కారణాలు చెప్పాలని కోర్టు ఆదేశించింది. వకీలును వెంట తెచ్చుకోవచ్చునన్నది. ప్రభుత్వమే సమకూర్చాలని అనలేదు. పూర్తిస్థాయి న్యాయస్థాన విచారణనూ కోరలేదు.

భిన్నాభిప్రాయం, పరిమితి

న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ ఈ తీర్పుతో విభేదించారు. సహాయం ఆపడం కష్టమైతే, మొదట మంజూరు చేయడానికే ప్రభుత్వాలు వెనుకాడతాయని ఆయన హెచ్చరించారు. 1976లో మాథ్యూస్ - ఎల్డ్రిడ్జ్ కేసులో కోర్టు ఈ సూత్రాన్ని వైకల్య భృతికి విస్తరించలేదు. ఆ భృతికి పేదరికం ప్రాతిపదిక కాదనీ, నిర్ణయం ప్రధానంగా వైద్య నివేదికలపై ఆధారపడుతుందనీ కారణాలు చూపింది. వ్యక్తి ప్రయోజనం, పొరపాటుకు గల అవకాశం, ప్రభుత్వంపై పడే భారం అనే మూడింటిని తూచి విచారణ స్వరూపాన్ని నిర్ణయించాలన్నది.

ముగింపు

రెండు తీర్పులను కలిపి చూస్తే మౌఖిక విచారణ విలువ సందర్భాన్ని బట్టి మారుతుందని తెలుస్తుంది. అయితే 1970 నాటి తీర్పు ఒక విషయాన్ని స్థిరపరచింది. బకాయి తరువాత చెల్లించవచ్చు; ఆ నడుమ పస్తులున్న దినాలను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. వినడం ముందుగా జరగాలనడానికి ఆధారం ఇదే.