బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు: కుక్క కాటు చరిత్రలో మన వాడలు

'కుక్క కాటుకు చెప్పు దెబ్బ' అంటారు. సామెతలో కుక్క వుంది, చెప్పు వుంది. చెప్పు కుట్టినోడు లేడు. పిచ్చికుక్క మందు చరిత్రా ఇట్లాగే రాశారు. అందులో శాస్త్రవేత్తలున్నారు, దొరలున్నారు. కాటు తిన్నోళ్లు లేరు.

1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు టీకా మొదలుపెట్టి బతికించాడు. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. రెండూ తెల్లదొరలు ఎండాకాలం గడిపే చల్లటి కొండలే. మద్రాసు ప్రెసిడెన్సీలో వున్న కోస్తా, రాయలసీమ కూలీకి కూనూరు ఎంత దూరం! మందంటే రైలు చార్జీ, దారి బత్తెం, రోజుల తరబడి పోయే కూలి.

1911లో కసౌలీలోనే డేవిడ్ సెంపుల్ జంతువు మెదడులో పెంచిన వైరస్‌ను కార్బాలిక్ ఆసిడ్‌తో చంపి టీకా చేశాడు. దాన్ని దూరపు ఆసుపత్రులకు పంపొచ్చు. ఆ మేరకు పేదలకు మేలు జరిగింది, కాదనలేం. కానీ పొట్ట మీద, బొడ్డు చుట్టూ, రోజుకొకటి చొప్పున పద్నాలుగు దాకా సూదులు. మెదడు కణజాలం ఒంటికి పడక కొందరికి పక్షవాతం వచ్చేది.

మా చిన్నప్పుడు వాడలో ఒకాయన ఆరో సూదికే ఆపేశాడు. 'రోజూ ఆసుపత్రికి తిరిగితే పిల్లలకు గంజి ఎవడు పోస్తాడు?' అన్నాడు. చదువుకున్నోళ్లు దీన్ని అజ్ఞానం అన్నారు. మేము కూలి లెక్క అంటాం.

1980 నాటికే అమెరికా, ఐరోపాల్లో కణాల్లో పెంచిన సురక్షితమైన టీకాలొచ్చాయి. తర్వాత మన మందుల షాపుల్లోనూ దొరికాయి, డబ్బున్నోళ్లకు. గొర్రె మెదడు టీకా తయారీ ఆగింది మాత్రం 2004 డిసెంబరులో. అన్నాళ్లూ ఒక్క రోగానికి రెండు మందులు నడిచాయి: వున్నోడికి చేతికి సూది, లేనోడికి బొడ్డు చుట్టూ. 2006లో చర్మంలోకి కొద్ది మోతాదు ఇచ్చే పద్ధతికి అనుమతి వచ్చాక ఒక్క సీసా మందు పలువురికి సరిపోసాగింది.

రోగ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు లేదు. కాటు తిన్న వెంటనే చికిత్స మొదలైతే చావు తప్పుతుంది. అయినా ప్రపంచంలో ఏటా 59,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పదిహేనేళ్ల లోపు పిల్లలే దాదాపు నలభై శాతం. 2030 నాటికి ఈ చావులు లేకుండా చేస్తామని 2021లో కేంద్రం ప్రణాళిక ప్రకటించింది.

ప్రణాళిక మంచిదే. కానీ ఊరి చెత్త వచ్చి పడేది ఎవరి ఇళ్ల పక్కన? తెల్లారకముందే కుక్కల మధ్య వీధులూడ్చేది ఎవరు? పుండును సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలంటారు. నూటికి నూరు పాళ్లు నిజం. మరి కుళాయి ఆఖరున వచ్చిన వాడల మాటేమిటి? బావి దగ్గరికి రానివ్వని చరిత్ర కాటు పుండు దాకా వచ్చింది.

అందుకే చదువుకున్న మనం రెండు పనులు చేయాలి. ఒకటి, వాడవాడకూ చెప్పాలి: సున్నం, కారం పూయొద్దు, కడిగి, ఆ రోజే సర్కారు ఆసుపత్రికి పోవాలి, రక్తం కారే కాటుకు టీకాతో పాటు పుండులో ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయించుకోవాలి, సూదులన్నీ పూర్తి చేయాలి. రెండు, సర్కారును అడగాలి: ఆ రెండు మందులూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే వుండాలి, కుక్కలకు టీకాలు వేయాలి, సూది రోజుల కూలి కట్టివ్వాలి. మందు పుట్టి నూట నలభై ఏళ్లు దాటింది. ఇంకా పిల్లలు చస్తుంటే అది కుక్క తప్పు కాదు.